చిక్కం దగ్గరికి కుక్కే రావాలి

పెంపుడు జంతువుల శీర్షికకు ఈసారి అందిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒకటే. కుక్క మూతికి చిక్కం, అదే దుకాణంలో మజిల్ అని అడిగితే ఇచ్చేది, గొడవ లేకుండా ఎలా తొడగాలి? ఒకే తీరు ప్రశ్నల్ని కలిపేసి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా లాబ్రడార్‌కి మూడేళ్లు. ఇంట్లో ఎవర్నీ ఏమీ అనదు. డాక్టరు చెవి చూడబోతే మాత్రం చెయ్యి కొరకబోయింది. మజిల్ అలవాటు చేసి తీసుకురమ్మన్నారు. కొన్న రోజే తొడిగితే ఇల్లంతా మూతి నేలకేసి రాసుకుంటూ తిరిగింది. ఇప్పుడు అది మా చేతిలో కనబడితే చాలు, మంచం కిందికి దూరుతోంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు ఆ మజిల్‌ని దాని కంటపడకుండా అటక మీద పెట్టేయండి. పది రోజులు దాని ఊసే వద్దు. మీ కుక్క మొండిదేం కాదండీ. మొదటిరోజే దానికో లెక్క తేలిపోయింది: ఆ వస్తువు వచ్చిందంటే ఎవరో తల పట్టుకుంటారు, కళ్ల కింద ఏదో బిగుస్తుంది, ఎంత లాగినా ఊడదు. ఇప్పుడు ఆ లెక్క చెరిపి కొత్తది రాయాలి. అసలు తెలియని కుక్కకు నేర్పడం కన్నా దీనికి ఎక్కువ రోజులు పడతాయి. వీలైతే రంగులోనూ ఆకారంలోనూ తేడా ఉన్న మరో మజిల్ తీసుకోండి, పాత భయం దానికి అంత త్వరగా అంటుకోదు.

అయినా మొదలుపెట్టాల్సింది మజిల్‌తో కాదు, ఒక కప్పుతో. కుక్క మూతి వదులుగా పట్టేంత వెడల్పున్న ప్లాస్టిక్ కప్పో, కాగితం కప్పో చాలు. అంచు గరుకుగా ఉండకూడదు, కళ్లదాకా రాకూడదు. అడుగున అర చెంచా మెత్తటి తిండి పూయండి. పీనట్ బటర్ వాడేవాళ్లు సీసా మీద జైలిటాల్ అన్న పేరుందేమో చూసుకోవాలి. చక్కెరకు బదులు కలిపే ఆ పదార్థం కుక్కకు విషం. రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది, కాలేయం దెబ్బతింటుంది. ఉడికించిన మాంసం మెత్తగా చేసి పూసినా సరిపోతుంది.

కప్పుని కుక్క ఛాతీ ఎత్తున, దాని ముఖానికి ఓ జానెడు దూరంలో పట్టుకుని ఆగండి. మొత్తం శిక్షణలో అసలు కిటుకు ఇక్కడే ఉంది: మీ చెయ్యి కదలకూడదు. కుక్క వచ్చి మూతి లోపల పెట్టాలి, నాకాలి, తియ్యాలనిపిస్తే తియ్యాలి. దాదాపు అందరూ చేసే పొరపాటు ఏంటంటే, మూతి సగం దూరగానే 'ఇంకొంచెమేగా' అని కప్పుని రెండంగుళాలు ముందుకు తోస్తారు. కుక్క చటుక్కున వెనక్కి లాగేసుకుంటుంది. మూడు రోజుల పని ఆ రెండంగుళాల్లో పోతుంది. అంతగా చెయ్యి ఆగకపోతే మోచేతిని మోకాలికి ఆనించుకుని కూర్చోండి.

కప్పులోకి తడుముకోకుండా మూతి పెడుతోందంటే, అప్పుడు మజిల్. మొదట కేవలం చూపించడమే. వీపు వెనక నుంచి ముందుకు తెండి, కుక్క దాన్ని చూడగానే రెండో చేత్తో తిండి ముక్క పెట్టండి, మజిల్ మళ్లీ వెనక్కి, తిండీ బంద్. ఇలా పదిసార్లు. వరుస మాత్రం తారుమారు కాకూడదు: ముందు మజిల్, ఆ తర్వాతే తిండి. తిండి ముందు చూపించి, ఆశపెట్టి, వెనకాలే మజిల్ తెచ్చారనుకోండి, కుక్కకు తిండి మీదే అనుమానం పుడుతుంది. మాంసం ముక్క చూసి పారిపోయే కుక్కలు అలా తయారైనవే. మజిల్ బయటికి రాగానే తోక వదులుగా ఊపుతూ మీ రెండో చేతి వైపు చూస్తోందా, ఈ మెట్టు అయినట్టే.

తర్వాత మజిల్ లోపల ముందుభాగం కమ్మీలకు తిండి పూసి, కప్పుకి చేసినట్టే చెయ్యి కదపకుండా పట్టుకోండి. పట్టీలు వేలాడుతూ చెవులకు తగిలితే బెదురుతుంది, కాబట్టి వాటిని వెనక్కి మడిచి మీ గుప్పిట్లో ఉంచుకోండి. ఇది రెండు మూడు రోజులు. ఆ తర్వాత పూత మానేసి ఖాళీ మజిల్ పట్టుకోండి. కుక్క తనంతట తాను మూతి పెట్టగానే 'శభాష్' అని, ముందున్న సందులోంచి ముక్క అందించండి. పూత ఎందుకు మానాలంటే, నాకే పనిలో ఉన్నంతసేపూ కుక్కకు తన మూతి ఎక్కడుందో పట్టదు. పూత అయిపోగానే ఉలిక్కిపడుతుంది. ఖాళీ మజిల్‌లో తెలిసి పెట్టిన మూతికే విలువ.

ఇప్పుడు సమయం పెంచాలి. ఒక సెకను, రెండు, మూడు, అయిదు. పెంచుకుంటూనే పోతే ప్రతిసారీ కిందటిసారి కన్నా కష్టమేనని కుక్క పసిగట్టి తప్పించుకుంటుంది. అందుకని మధ్యలో తగ్గించండి: మూడు, ఏడు, రెండు, పది, నాలుగు. పది సెకన్లు నిలకడగా ఉంటోందంటే పట్టీల దగ్గరికి రావచ్చు. మూతి లోపలుండగా ఒక చేత్తో పట్టీని చెవుల వెనక్కి తాకించి తీసేయండి, ముక్క పెట్టండి. ఇక్కడ చేతులు చాలవు. ఒకరు పట్టీ చూసుకుంటే ఇంకొకరు తిండి పెట్టడం సుఖం. ఒంటరిగా చేసేవాళ్లు మళ్లీ పూతని వాడుకోవచ్చు.

క్లిప్ చప్పుడుని విడిగా అలవాటు చేయాలి. చెవికి రెండంగుళాల వెనక 'టక్' మంటే చాలా కుక్కలు అదిరిపడతాయి, యజమాని మాత్రం మజిల్ అంటేనే పడట్లేదనుకుంటాడు. మజిల్ మూతికి లేనప్పుడు, క్లిప్‌ని దూరంగా పట్టుకుని టక్, ఒక ముక్క. కొంచెం దగ్గరగా టక్, ఇంకో ముక్క. మెడ దాకా అలా రండి. ఆ తర్వాతే మూతికి పెట్టి వదులుగా బిగించండి. వెంటవెంటనే మూడు ముక్కలు పెట్టి విప్పేయండి. విప్పగానే తిండి ఆగిపోవాలి.

అక్కణ్ణుంచి అయిదు సెకన్లు, పదిహేను, అర నిమిషం, నిమిషం, రెండు నిమిషాలు. ఒకచోట కూర్చోబెట్టి పెంచే బదులు ఇంట్లో నాలుగడుగులు నడిపించండి, తనకొచ్చిన పనులేవైనా అడగండి. నడిచే కుక్కకు మూతి గురించి ఆలోచించే తీరిక ఉండదు. ఇంట్లో పది, పదిహేను నిమిషాలు గోకకుండా తిరిగిందంటే బయటికి, ఆ తర్వాతే డాక్టరు దగ్గరికి.

తొడిగి నడిపించే దశ వచ్చేదాకా ఒక్కో విడత రెండు మూడు నిమిషాలు మించకూడదు, రోజుకి రెండు మూడు విడతలు. పది పన్నెండు ముక్కలు, ఒక్కోటి బఠాణీ గింజంత. రోజు మొత్తం తిండిలో ఇలాంటి చిరుతిళ్లు పదోవంతు దాటకూడదు, ఎక్కువైతే గిన్నెలో తిండి తగ్గించండి. కొత్తగా నేర్చుకునే కుక్కకు సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు చాలు. మీ దానికి ఇంకో నెల పట్టినా కంగారు పడకండి. నేర్చుకున్నాక కూడా మజిల్‌ని డాక్టరు దగ్గరికి వెళ్లేరోజు మాత్రమే బయటికి తీస్తే పాత కథ మొదటికొస్తుంది. సూదిమందు కోసం ఒకసారి తొడిగితే, షికారు కోసం, ఆట కోసం, ఊరికే ముక్క కోసం పదిసార్లు తొడగాలి.

ప్రశ్న: గుడ్డతో గొట్టంలా కుట్టినవి, జల్లెడ బుట్టలా ఉండేవి, రెండు రకాలూ కనిపిస్తున్నాయి. ఏది కొనాలి? కొలత ఎలా తీసుకోవాలి?

జవాబు: బుట్టే. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. వేడి బయటికి పోవాలంటే నోరు బార్లా తెరిచి, నాలుక వేలాడేసి రొప్పాల్సిందే. గుడ్డ గొట్టం నోటిని మూసి పట్టేస్తుంది. గోళ్లు తీయడం లాంటి రెండు మూడు నిమిషాల పనికి తప్ప అది పనికిరాదు. భయపడ్డ కుక్కకు ఒళ్లు మరీ త్వరగా వేడెక్కుతుంది, ఎండలో అయితే ప్రాణం మీదికొస్తుంది. పైగా దాంతో శిక్షణ ఇవ్వడమూ కష్టమే, నోరు తెరవలేని కుక్కకు ముక్క ఎలా పెడతాం?

కొలతలు నాలుగు. కళ్లకు ఒక వేలు వెడల్పు కింద నుంచి ముక్కు కొస దాకా పొడవు. అదే చోట మూతి చుట్టుకొలత. నోరు తెరిచినప్పుడు మూతి ఎత్తు. చెవుల వెనక మెడ చుట్టుకొలత. చాలామంది నోరు మూసి ఉండగా చుట్టుకొలత తీసి, సరిగ్గా ఆ సైజే తెచ్చేస్తారు. అది నోటికి తాళం వేసినట్టే. పరుగెత్తి వచ్చి రొప్పుతున్నప్పుడు కొలవండి, లేదా నోట్లో బంతి పట్టుకున్నప్పుడు కొలవండి. లోపలి ఎత్తు ఆ కొలతకు సరిపోవాలి. పొడవుకి ఇంకో సెంటీమీటరు కలపండి, ముక్కు కొస ముందు కమ్మీలకు తగలకూడదు.

తొడిగి చూశాక మూడు పరీక్షలు. పట్టీ కింద ఒక వేలు దూరాలి, నాలుగు వేళ్లు దూరితే ఊడిపోతుంది. ముందుభాగంలో వేలు తగిలించి మెల్లగా కిందికి లాగండి, జారి వచ్చిందంటే కుక్క పంజాతో ఇంకా తేలిగ్గా లాగేస్తుంది. అలాంటప్పుడు నుదుటి మీదుగా వెళ్లే పట్టీ ఉన్నది తీసుకోవాలి. మూడోది, కుక్క తల దించినా ఎత్తినా పై అంచు కంటికి తగలకూడదు.

ఇక ఏ పదార్థమన్నది. ఇనుప తీగ బుట్టకు గాలి బాగా ఆడుతుంది, కరిచే బలం ఉన్న కుక్కకు అదే నమ్మకం. బరువు ఎక్కువ, మోకాలికి తగిలిందంటే చుక్కలు కనిపిస్తాయి. రబ్బరులాంటి మెత్తటి ప్లాస్టిక్ తేలిక, వాటిలో కొన్నింటిని వేడినీళ్లలో ముంచి కాస్త వెడల్పు చేసుకోవచ్చు. తయారీదారు ఆ మాట రాసి ఉంటేనే చేయండి. బాగా కరిచే కుక్క వాటిని నొక్కి పళ్లు బయటికి తేగలదు. తోలుది చూడముచ్చటగా ఉంటుంది గానీ చొంగ పీల్చుకుని వాసనొస్తుంది. ఏదైనా వాడాక సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. ముక్కు దూలం మీద వెంట్రుక రాలిందా, ఎర్రబడిందా అని చూడండి. ఒరుసుకున్న గుర్తుంటే అక్కడ మెత్తటి పట్టీ అతికించాలి, మానేదాకా తొడగకూడదు.

ప్రశ్న: మావాడు రెండు నిమిషాలు బాగానే ఉంటాడు. ఆ తర్వాత ముందుకాళ్లతో పీకడం మొదలు. అప్పుడు తీసేస్తే పీకితే ఊడుతుందని నేర్చుకుంటాడంటున్నారు. తియ్యకపోతే మాకు మనసొప్పట్లేదు.

జవాబు: రెండువైపులా నిజం ఉంది, తేడా తీవ్రతలో ఉంది. ఒకసారి పంజాతో గోకి ఆగాడంటే ఏమీ అనకుండా మీరు కదలండి, వాడూ మీవెంట నడుస్తాడు. నాలుగు కాళ్లూ నేల మీద పెట్టి రెండు సెకన్లు ఉన్నాక ముక్క పెట్టి, అప్పుడు విప్పండి. అలాకాక రెండు కాళ్లతో ఆగకుండా పీకుతూ, నేల మీద దొర్లుతూ, కళ్ల తెల్లగుడ్లు కనబడేలా చూస్తున్నాడంటే అది అల్లరి కాదు, బెంబేలు. వెంటనే తీసేయండి. అలవాటవుతుందిలే అని వదిలేస్తే భయమే అలవాటవుతుంది, గోరు తగిలి కంటికి గాయమయ్యే ప్రమాదం కూడా ఉంది.

రెండు నిమిషాల దాకా బాగుంటున్నాడని మీరే రాశారుగా. అయితే రేపు ఒక నిమిషం దగ్గరే విప్పేయండి. గోకడం మొదలయ్యాక ఏం చేయాలన్నది రెండో ప్రశ్న. మొదలవకముందే ఆపేయడం మన చేతిలో ఉన్న పని. దానికి ముందు సైగలుంటాయి: ఆకలి లేకుండానే పెదాలు నాకడం, ఆవలింత, తల పక్కకి తిప్పుకోవడం, చెవులు వెనక్కి వాల్చడం, ముక్కని మామూలు కన్నా మొరటుగా లాక్కోవడం. వీటిలో ఏది కనిపించినా ఒక మెట్టు కిందికి దిగండి. గుర్రుమన్నందుకు మాత్రం కసరకండి. కరిచే ముందు ఇచ్చే స్పష్టమైన హెచ్చరిక అది, దాన్ని మాన్పిస్తే చెప్పకుండా కరవొచ్చు.

మెట్లన్నీ సరిగ్గా ఎక్కినా ఎప్పుడూ ఒకే దగ్గర గోకుతుంటే ఆ చోటే చూడండి. దూలం మీద కమ్మీ గుచ్చుకోవడమో, చెవిలో నొప్పి ఉండి పట్టీ తగలడమో కారణం కావచ్చు.

ప్రశ్న: ఆఫీసుకెళ్తే రోజంతా మొరుగుతోందని పక్కింటివాళ్ల గొడవ, ఇంట్లో చెప్పులు మిగలట్లేదు. మజిల్ వేసి వెళ్లొచ్చా?

జవాబు: వద్దు. ఒంటరి కుక్కకు మజిల్ ఎప్పుడూ వేయకూడదు. ఎక్కడో తగులుకుంటే విడిపించే దిక్కుండదు, వాంతి చేసుకుంటే ఊపిరాడదు. పైగా బుట్ట మజిల్‌తో హాయిగా మొరగొచ్చు, మొరగకుండా చేసే మజిల్ అంటే రొప్పనివ్వనిదే. మీరు బయటికెళ్లిన మొదటి అరగంట కుక్కని ఫోన్‌లో వీడియో తీసి చూడండి. ఏడుపు, పచార్లు, తలుపు గోకడం ఉంటే అది ఒంటరితనపు భయం, దాని వైద్యం వేరే.

ప్రశ్న: షికారులో రోడ్డు మీద ఏది కనబడితే అది మింగేస్తుంది. ఒకసారి ఎముక ఇరుక్కుని ఆపరేషన్ దాకా వెళ్లింది.

జవాబు: మజిల్ బాగా పనికొచ్చే సందర్భాల్లో ఇదొకటి. దీనికి ముందుభాగంలో సందులు చిన్నగా ఉన్న బుట్ట కావాలి, లేదా మామూలు బుట్టకు లోపల కింది సగం మూసే పలక బిగించుకోవాలి. పై సగం మూయకండి, గాలి ఆడాలి. ఇంత చేసినా మెత్తటివి, పలచటివి కమ్మీల్లోంచి నొక్కుకుని నాకేస్తుంది, మలం అయితే బుట్టనిండా పూసుకుంటుంది. విషపు ఎర నాకినా చాలు ప్రమాదమే. కాబట్టి మజిల్ ఉంది కదా అని లీష్ వదిలేయకండి, 'వదిలెయ్' అనగానే వదిలే అలవాటూ పక్కన నడిపించండి. కనబడ్డవన్నీ మింగడం కొత్తగా మొదలైతే డాక్టరుకి చూపించండి, కడుపు జబ్బు కూడా కారణం కావచ్చు.

ప్రశ్న: మాది పగ్. ఏ మజిలూ నిలవట్లేదు.

జవాబు: దానికి పొడవు మూతే లేదు, బుట్ట దేనికి ఆగాలి! చప్పిడి ముఖం కుక్కల కోసం ముఖమంతా కప్పే వల మజిళ్లు విడిగా దొరుకుతాయి. ఇవి మామూలుగానే ఊపిరి కష్టం మీద పీల్చే జాతులు, కాబట్టి కొద్ది నిమిషాలకే వాడండి, గురక శబ్దం పెరిగినా నాలుక నీలంగా కనిపించినా తీసేయండి. కళ్లు ఉబ్బెత్తుగా ఉంటాయి గనక వల కంటికి రాసుకోకుండా చూడాలి.

ప్రశ్న: దెబ్బ తగిలిన కుక్కని ఎత్తబోతే కరిచేలా ఉంది. చేతిలో మజిల్ లేదు. అప్పటికప్పుడు ఏం చేయాలి?

జవాబు: ఎంత మంచి కుక్కయినా నొప్పిలో కరుస్తుంది. ముందు చూడాల్సింది కట్టకూడని పరిస్థితులు: ఊపిరి కష్టంగా ఉన్నా, వాంతి వస్తున్నా, స్పృహ లేకపోయినా, మూర్ఛ వచ్చినా, వడదెబ్బ తగిలినా, దవడకు గాయమైనా, చప్పిడి ముఖం కుక్కయినా మూతి కట్టొద్దు. దుప్పటి సాయంతో ఎత్తుకోండి, ముఖం మూయకండి, వడదెబ్బ తగిలినదాన్ని మాత్రం దుప్పటితో కప్పొద్దు.

ఇవేవీ లేకపోతే మీటరు పొడవు, రెండు మూడు వేళ్ల వెడల్పు మెత్తటి గుడ్డపట్టీ చాలు. బ్యాండేజీ చుట్ట అయితే మంచిది. మధ్యలో ఒక వదులు ముడితో పెద్ద ఉచ్చు చేయండి. ముఖానికి ఎదురుగా కాక, భుజం పక్క నుంచి వెళ్లి ఉచ్చుని మూతి మధ్యకు జార్చండి, ముడి పైకి ఉండాలి. ముక్కు రంధ్రాలకు అడ్డం రాకుండా బిగించండి. రెండు కొసల్నీ గడ్డం కిందికి తెచ్చి ఇంకో ముడి. తర్వాత చెవుల కింది నుంచి మెడ వెనక్కి తీసుకెళ్లి, లాగితే ఊడిపోయే జారుముడి వేయండి. ఈ చివరి ముడి వేయకపోతే మొత్తం ముక్కు మీదుగా జారిపోతుంది. ఇది నోరు పూర్తిగా మూసేస్తుంది గనక ఎత్తి బండిలో పెట్టేదాకానే, ఆపైన విప్పేయండి. పట్టుకున్న మనిషి దగ్గర కత్తెర ఉండాలి, కుక్క వాంతి చేసుకోబోతే ముడి కోసం వెతుక్కునే టైముండదు.

ప్రశ్న: మజిల్‌తో నీళ్లు తాగగలదా? ఎంతసేపు ఉంచొచ్చు?

జవాబు: సరైన సైజు బుట్టతో తాగుతుంది, గిన్నె సరైనదైతే. మామూలు గిన్నెలో అడుగున నీళ్లుంటే బుట్ట ముందుభాగం గిన్నెకి తగిలి ఆగిపోతుంది, నాలుక నీటిదాకా చేరదు. వెడల్పాటి, లోతైన పాత్రలో అంచుదాకా నింపండి. మొదటిసారి ఇంట్లోనే తాగించి చూడండి. ముక్కులోకి నీళ్లు పోయి తుమ్మిందంటే రెండోసారి రాదు, కాబట్టి పాత్రని కాస్త ఎత్తు మీద పెట్టి మొదలుపెట్టండి.

ఎంతసేపన్నదానికి గడియారం కన్నా కుక్కే గుర్తు. బాగా అమరిన బుట్టతో, మీ కళ్లముందు, గంట షికారు చేయొచ్చు. ఎండలో, పరుగులో తగ్గించండి. ఇంకో మాట, మజిల్ వేసుకున్న కుక్క కరవలేదు గానీ బుట్టతో గట్టిగా పొడవగలదు. చిన్నపిల్లల ముఖం ఎత్తులో ఉండే కుక్కయితే పిల్లలకు కాస్త దూరంగా ఉంచండి.

ప్రశ్న: నాలుగు నెలల కుక్కపిల్లకి ఇప్పుడే నేర్పడం తొందరా?

జవాబు: ఇదే మంచి సమయం, భయం ఇంకా ఏమీ పోగుపడలేదు. కప్పు దగ్గరే ఓ నెల ఆడించండి. ఖరీదైన మజిల్ ఇప్పుడే కొనకండి, మూతి ఇంకా పెరుగుతుంది. మూడు నాలుగు వారాలకోసారి కొలిచి, బిగువైతే పక్కన పెట్టేయండి. పళ్లు మారే వయసు కూడా ఇదే, చిగుళ్లు నొప్పిగా ఉన్న రోజుల్లో మూతి పెట్టనంటే ఆ రోజుకి సెలవిచ్చేయండి.